పన్ను లెక్క మనమే వేద్దాం – 3వ పాఠం: స్లాబు దాటితే చేతికొచ్చేది తగ్గుతుందా?

పోయిన పాఠంలో మొత్తం ఆదాయంలోంచి మినహాయింపులు తీసేసి, పన్ను పడే ఆదాయం ఎంతో తేల్చడం నేర్చుకున్నాం. ఈసారి ఆ అంకె మీద పన్ను వేద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఊరికే చదివి వదిలేస్తే ఈ పాఠం ఒంటబట్టదు.

"ఇంకొంచెం జీతం పెరిగితే పై స్లాబులో పడతాను, పెరిగినదానికన్నా పన్నే ఎక్కువ పోతుంది." ఈ మాట వినని వాళ్లుండరు. (స్లాబంటే ఒకే పన్ను రేటు పడే ఆదాయపు మెట్టు.) ఇది నమ్మి ఇంక్రిమెంటు వస్తుందంటే టెన్షన్ పడేవాళ్లు, ఓవర్‌టైమ్ వద్దనుకునేవాళ్లు ఉన్నారు. కష్టపడితే వచ్చే డబ్బును ఒక తప్పుడు లెక్క కోసం వదులుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే పాఠంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

సులువుగా ఉండేందుకు ఊహించిన రేట్లు తీసుకుందాం. మొదటి 1,00,000 మీద పన్ను లేదు. అక్కడి నుంచి 2,00,000 వరకు 10 శాతం. 2,00,000 దాటినదాని మీద 20 శాతం.

ఆదాయం సరిగ్గా 2,00,000 అనుకోండి. పన్ను 10,000, చేతికి 1,90,000. ఇప్పుడు ఆదాయం 10,000 పెరిగింది. భయపడేవాళ్లు వేసే లెక్క ఇలా ఉంటుంది: 2,10,000లో 20 శాతం 42,000, మిగిలేది 1,68,000. అంటే జీతం పెరిగినందుకు 22,000 నష్టం! ఇదే నిజమైతే ఎవరైనా భయపడాల్సిందే.

కానీ పన్ను అలా వేయరు. ఆదాయాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి రాయండి. మొదటి లక్షకు సున్నా. రెండో లక్షకు 10,000. మిగిలిన 10,000కు 20 శాతం చొప్పున 2,000. మొత్తం పన్ను 12,000, చేతికి 1,98,000. మునుపటికన్నా 8,000 ఎక్కువే వచ్చింది. పై రేటు చివరి ముక్కకే పడింది, కింది ముక్కల జోలికి పోలేదు.

ఈ చివరి ముక్క మీద పడే రేటును మార్జినల్ రేటు అంటారు. మొత్తం పన్నును మొత్తం ఆదాయంతో భాగిస్తే వచ్చేది సగటు రేటు. మన ఉదాహరణలో అది సుమారు 5.7 శాతం. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం వాదనలు పుడతాయి. 1944లో అమెరికా పై రేటు 94 శాతం అని చెప్పేవాళ్లు చాలామంది, అది 2,00,000 డాలర్లు దాటిన ఆదాయానికి మాత్రమే అన్న సంగతి చెప్పరు.

అలాగని "దాటితే నష్టం ఎప్పుడూ ఉండదు" అని కూడా తీర్మానించుకోకండి. ఇంగ్లండులో ఇళ్ల కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ 2014 డిసెంబరు మొదటి దాకా మొత్తం ధరకూ ఒకే రేటుతో ఉండేది. 2,50,000 పౌండ్ల ఇంటికి 1 శాతం, అంటే 2,500. ధర ఒక్క పౌండు పెరిగితే మొత్తానికీ 3 శాతం, అంటే 7,500 పైన. ఆ నెల 4 నుంచి దాన్ని ముక్కల పద్ధతికి మార్చారు. ఆదాయపన్నులోనూ ఒక గీత దాటగానే రాయితీ పోయే చోట్లు ఉంటాయి. భారత్‌లో 2025-26 కొత్త విధానంలో 12,00,000 వరకు ఆదాయానికి రిబేటు (లెక్క తేలిన పన్నులోంచే ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను సున్నా. 12,10,000కు స్లాబుల ప్రకారమైతే 61,500 పడాలి. గీత దాటిన మొత్తాన్ని మించి పన్ను పడకుండా చూసే మార్జినల్ రిలీఫ్ ఉండటంతో, సెస్సు (పన్ను మీద అదనంగా వేసేది) కాకుండా, 10,000 దగ్గర ఆగుతుంది.

కాబట్టి ఏ దేశపు పన్ను చూసినా రెండు ప్రశ్నలు వేయండి. రేటు మొత్తానికా, దాటిన ముక్కకా? ఈ గీత దాటితే చేతిలో ఉన్న రాయితీ ఏదైనా పోతుందా?

ఇంకొక అపోహ త్వరగా చూద్దాం: "పన్నులో చూపించుకోవచ్చు కాబట్టి ఆ ఖర్చు ఉచితం." చివరి ముక్క 20 శాతంలో ఉన్నవారు మినహాయింపు దొరికే 10,000 ఖర్చు పెడితే ఆదా అయ్యే పన్ను 2,000. మిగతా 8,000 సొంత డబ్బే. ఎలాగూ అవసరమైన ఖర్చయితే ఆ 2,000 లాభం. పన్ను కోసమే పెట్టిన ఖర్చయితే 8,000 నష్టం. రిబేటు సంగతి వేరు, అది నేరుగా పన్నులోంచే తగ్గుతుంది.

అభ్యాసం: పై రేట్లే తీసుకోండి. ఆదాయం 2,10,000, మినహాయింపు 30,000. ఎంత పన్ను తగ్గింది? 6,000 వస్తే మొత్తాన్నీ 20 శాతంతో గుణించేశారన్నమాట. మినహాయింపు పై ముక్కలోంచి మొదలై కింది ముక్కలోకి దిగుతుంది. ఎంత మేర ఏ ముక్కలో పడిందో విడదీసి మళ్లీ వేయండి, 4,000 రావాలి.

వచ్చే పాఠం రీఫండు మీద. మీ జీతంలో నెలనెలా ఎంత పన్ను కోస్తున్నారో 12 నెలలకూ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.