మీటరు దగ్గర మొదలుపెట్టండి: ఇంట్లో కరెంటు ఎంత తగ్గించాలి, ఏ వేళలో తగ్గించాలి

2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండు 250 గిగావాట్లను, అంటే రెండున్నర లక్షల మెగావాట్లను తాకింది. అంతకు ముందెన్నడూ అంత లోడు రాలేదు. తెలంగాణలో 2025 మార్చిలో, యాసంగి వరికి బోర్లు నడుస్తున్న రోజుల్లోనే ఎండలు కూడా ముదరడంతో, రాష్ట్ర డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. ఈ రెండు సందర్భాల్లోనూ సరఫరా నిలబడింది కాబట్టి మనకు పెద్దగా తెలియలేదు. అయితే నిలబడని రోజులు కూడా మరీ పాతవి కావు. 2021 అక్టోబరులో థర్మల్ కేంద్రాల దగ్గర బొగ్గు నిల్వలు అడుగంటాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించాల్సి వచ్చింది. ఆ నెలలో పల్లెల్లో, పట్టణాల్లో కరెంటు కోతలను భరించిన వారికి ఆ సంగతి ఇంకా గుర్తుండే ఉంటుంది.

పొదుపు గురించి రాసేవారు సాధారణంగా 'అవసరం లేనప్పుడు లైటు ఆర్పండి' అనే దగ్గర ఆగిపోతారు. అది తప్పు కాదు కానీ, ఇప్పటి గ్రిడ్ కష్టం వేరే చోట ఉంది. మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ సోలార్ విద్యుత్ పుష్కలంగా వస్తుంది. సూర్యుడు వాలిన రెండు గంటల్లోనే అదంతా జారిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు, వంటింటి పరికరాలు ఒకేసారి మొదలవుతాయి. దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు నేటికీ బొగ్గు నుంచే వస్తోంది. బొగ్గు కేంద్రాన్ని స్కూటరు ఎక్సలరేటర్ తిప్పినట్టు క్షణంలో పెంచలేరు, తగ్గించలేరు. డిమాండుకు, ఉత్పత్తికి మధ్య తేడా పెరిగితే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది, అది మరీ జారకుండా ఎక్కడో ఒక ఫీడర్‌ను, అంటే ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైనును ఆపవలసి వస్తుంది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు లోపల మీరు మిగిల్చిన యూనిట్‌కు మధ్యాహ్నం మిగిల్చిన యూనిట్ సాటి రాదు. కింద చెప్పే పనులన్నింటినీ ఈ లెక్కతోనే చూడాలి.

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి దాదాపు 60 కోట్ల మంది చీకట్లో ఉన్నప్పుడు, మనం ఆ ముప్పు నుంచి తప్పించుకున్నాం. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీపై కలవకపోవడమే దానికి కారణం. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైను ద్వారా కలిసింది. ఇప్పుడు కొరత వస్తే పక్క ప్రాంతం నుంచి తెచ్చుకోగలం, పక్క ప్రాంతపు కష్టంలోనూ భాగస్థులమవుతాం.

ఇక ఇంటి పనికి వద్దాం. మొదట చేయవలసింది ఏమీ కొనకుండా మీటరు దగ్గరికి వెళ్లడం. ఎలక్ట్రానిక్ మీటరుపై ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు ముఖం మీదే ముద్రించి ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ సంఖ్య 3200 లేదా 1600. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, ఐదు నిమిషాల పాటు ఆ మిణుకులను లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి ఒక మిణుకు వస్తే సుమారు 19 వాట్లు ఖర్చవుతున్నట్టు, 1600 మీటరైతే దానికి రెట్టింపు.

మా ఇంట్లో ఒక రాత్రి ఈ పని చేస్తే, అన్నీ ఆపినా మా 3200 మీటరులో ఐదు నిమిషాల్లో 30 మిణుకులు వచ్చాయి. అంటే 112 వాట్లు ఎటో పోతున్నాయి. ఒక్కో స్విచ్చి వేస్తూ తీస్తూ వెతికితే దొంగ మెట్ల కింద దొరికింది. ఇన్వర్టర్‌కు తగిలించిన బ్యాటరీలో నీళ్లు అడుగంటి, అది ఎంత చార్జ్ చేసినా నిండక రేయింబవళ్లు కరెంటు తాగుతూనే ఉంది. దాన్ని ఆపగానే మిణుకులు నిమిషానికి ఆరు నుంచి ఒకటికి పడిపోయాయి. ఆ ఐదు మిణుకుల తేడా నెలకు 67 యూనిట్లు! కరెంటు పోయినప్పుడు ఆదుకుంటుందని పెట్టుకున్న పెట్టె, కరెంటు ఉన్నంతసేపూ ఫ్యాను కంటే ఎక్కువ తింటున్నదన్నమాట. మిగిలిన ఒక్క మిణుకు సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరులది. అన్ని ప్లగ్గులూ పీకిన తర్వాత కూడా మీటరు గట్టిగా మిణుకుతూ ఉంటే వైరింగులో లీకేజీ ఉండవచ్చు. అప్పుడు పొదుపు సంగతి పక్కనపెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి, ఎందుకంటే అది షాకు కొట్టే ప్రమాదం కూడా.

రెండో పని, మీ స్లాబ్ ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవడం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్ ప్రకారం, నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున ఎనర్జీ చార్జీలు 820 రూపాయలవుతాయి. అదే 201 యూనిట్లు వాడితే గ్రూపే మారిపోయి మొదటి 200 యూనిట్లూ 5.10 లెక్కలోకి వెళ్తాయి, ఆపై యూనిట్ 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు పైమాటే. గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకునే కుటుంబానికి దెబ్బ ఇంకా పెద్దది, ఎందుకంటే 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఈ గ్రూపుల పద్ధతిని తీసివేశారు కాబట్టి అక్కడ స్లాబ్ దాటితే దాటిన యూనిట్లకే ఎక్కువ ధర పడుతుంది, అయినా 400 పైన ఉన్నవి 9.75 చొప్పున తగులుతాయి. కనుక బిల్లు వచ్చిన ఇరవయ్యో రోజున ఒకసారి మీటరు రీడింగు చూసి, గత బిల్లులోని రీడింగును తీసివేసి చూసుకుంటే, మిగిలిన పది రోజులకు ఎన్ని యూనిట్లున్నాయో తేలిపోతుంది.

పరికరాల్లో నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఫ్యాన్ల గురించి. ఏసీ మీద అందరి కళ్లూ ఉంటాయి కానీ, మన ఇళ్లలో ఏసీ నాలుగు నెలలు తిరిగితే ఫ్యాను పదకొండు నెలలు తిరుగుతుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటల చొప్పున నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ) మోటారున్న ఫ్యాను అదే గాలికి 30 వాట్లతో సరిపెడుతుంది, నెలకు 14 యూనిట్ల లోపే. ఒక్కో ఫ్యానుకు 20 యూనిట్ల ఆదా అంటే, మూడు ఫ్యాన్లు మార్చిన ఇల్లు 240 యూనిట్ల నుంచి 180కి దిగుతుంది. ఇందాకటి 200 గీత గుర్తుంది కదా! అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగే హాలు ఫ్యానుతో, పడకగది ఫ్యానుతో మొదలుపెట్టండి. డబ్బా అంత పెద్ద పాతకాలపు రెగ్యులేటర్ గోడకు ఇంకా ఉంటే దాన్నీ మార్చండి. అది వేగం తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా కాల్చేస్తుంది, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లో ఆ నష్టం దాదాపు లేదు.

ఏసీ విషయంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పే లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. 2020 జనవరి 1 నుంచి గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా నిబంధన పెట్టారు. దాన్ని మనమే 18కి దించుతున్నాం. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది అపోహ, మామూలు ఏసీ ఏ అంకె మీద పెట్టినా అదే వేగంతో చల్లబరుస్తుంది, 18 మీద ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుందంతే. 26 మీద పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. రెండు వారాలకోసారి ఫిల్టరు తీసి కుళాయి కింద కడగండి. పడమటి గోడ కిటికీకి మధ్యాహ్నం మూడు గంటల నుంచే తెర వేస్తే, రాత్రి ఏసీ చేయాల్సిన పని కొంత అక్కడే తగ్గుతుంది.

కొత్త ఏసీ గానీ ఫ్రిజ్ గానీ కొనేటప్పుడు స్టార్లను మాత్రమే లెక్కపెట్టకండి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు కాబట్టి, పాత లేబుల్‌పై ఉన్న ఐదు స్టార్లు కొత్త లేబుల్‌పై మూడుకు దిగవచ్చు. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ముద్రించిన అంకె చూడండి. ఏసీ లేబుల్‌పై ఆ అంకె ఏడాదికి 1600 గంటల వాడకానికి లెక్క కట్టింది. మీరు అంతకంటే ఎక్కువ వాడితే ఆ మేరకు పెంచుకోవాలి.

ఫ్రిజ్‌ను గోడకు అంటించి పెట్టకూడదు, తలుపు రబ్బరు వదులైతే మార్చాలి. తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగినప్పుడు తేలికగా వచ్చేస్తే రబ్బరు పని అయిపోయినట్టే. గీజరు రెండు మూడు వేల వాట్ల యంత్రం కనుక స్నానానికి పది నిమిషాల ముందు వేసి, వెళ్లే ముందు ఆపాలి. చలికాలం పొద్దున గంటల తరబడి వేసి ఉంచడం చాలా ఇళ్లలో అలవాటు. ఇస్త్రీ రోజుకొక చొక్కా చేయకుండా వారానికి ఒకసారి చేసుకోండి.

నీళ్ల మోటారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. శ్రీశైలం ఎడమ గట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. వాటిని నీటితో విద్యుత్ తీయడానికే కాక, మిగులు విద్యుత్ ఉన్న వేళ నీటిని తిరిగి పైకి తోడడానికి కూడా వీలుగా నిర్మించారు. మీ డాబా మీద ఉన్న ట్యాంకు దానికి చిన్న తమ్ముడు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తీసుకుంటుంది. ఆ గంట సాయంత్రం ఏడింటికి బదులు మధ్యాహ్నం పన్నెండింటికి నడిస్తే, మీ ఇంట్లో అన్నే నీళ్లు, అన్నే యూనిట్లు, కానీ గ్రిడ్‌కు మాత్రం పీక్ వేళ, అంటే డిమాండు అన్నిటికంటే ఎక్కువుండే వేళ, ఒక కిలోవాట్ భారం తగ్గినట్టు. వాషింగ్ మెషిన్, పిండి గ్రైండరు, ఇన్వర్టర్ చార్జింగ్, ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగ్ కూడా ఈ వరుసలోనివే. నేటికి ఈ మార్పు వల్ల చాలా ఇళ్ల బిల్లులో పైసా తేడా ఉండకపోవచ్చు. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల్లో మాత్రం, స్మార్ట్ మీటరు పెట్టిన ఇళ్లకు సోలార్ గంటల్లో కనీసం 20 శాతం తక్కువ ధర, పీక్ గంటల్లో కనీసం 10 శాతం ఎక్కువ ధర ఉండాలని పెట్టారు. ఆ మీటరు మీ గుమ్మం దాకా వచ్చేలోపు అలవాటు మార్చుకుంటే మంచిది.

ప్లగ్గులో పెడితే బిల్లు 40 శాతం తగ్గుతుందని అమ్మే 'పవర్ సేవర్' పెట్టెలను కొనకండి. వాటిలో ఉండేది ఒక చిన్న కెపాసిటర్, దాని వెలుగు కోసం ఒక ఎల్‌ఈడీ. అది పవర్ ఫ్యాక్టర్‌ను (తీసుకున్న కరెంటులో ఎంత నిజంగా పనికొస్తోందో చెప్పే కొలతను) కొద్దిగా సరిచేస్తుందేమో గానీ, ఇంటి మీటరు లెక్కించేది నిజంగా ఖర్చయిన యూనిట్లను కనుక బిల్లులో ఏమీ తగ్గదు. మా బంధువుల ఇంట్లో ఒకటి ఏళ్ల తరబడి ప్లగ్గులో ఉండి, ఆ ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు నమ్మకంగా తింటూ వచ్చింది.

సొంత డాబా ఉన్నవారు ఈ పనులన్నీ అయ్యాకే సోలార్ పలకల గురించి ఆలోచించడం మేలు, ఎందుకంటే వాడకం తగ్గిన ఇంటికి చిన్న ప్లాంటు సరిపోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపై వాటికి 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. గ్రిడ్‌కు మీరు పంపిన యూనిట్లను బిల్లులోంచి తీసివేసే నెట్ మీటరు వల్ల బిల్లు సున్నా కావచ్చు. అయినా బ్యాటరీ లేనంతవరకు రాత్రి ఎనిమిదింటికి ఆ ఇల్లు కూడా రామగుండం బొగ్గు మీదో, సాగర్ నీటి మీదో ఆధారపడినదే. సోలార్ ఉంది కదా అని రాత్రి ఏసీని 18కి దించేవారు ఈ సంగతి గమనించాలి.

ఇదంతా చేశాక ఒక వారం పాటు సాయంత్రం ఆరింటికి ఒకసారి, రాత్రి పదకొండింటికి ఒకసారి మీటరు రీడింగు క్యాలెండరు మీద రాసుకోండి. ఆ రెండింటి తేడాయే పీక్ భారంలో మీ ఇంటి వాటా. మా క్యాలెండరులో గత మే నెల మొదటి వారం సగటు 5.2 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, ఇన్వర్టర్ బ్యాటరీ మార్చి, మోటారును మధ్యాహ్నానికి జరిపి, ఏసీని తొమ్మిదిన్నర తర్వాతే వేయడం మొదలుపెట్టాక అదే నెల చివరి వారం అది 3.1 అయింది.