స్క్రిప్టు రాద్దాం – 5వ పాఠం: మీ సీను, పక్కవాళ్ళ గొంతు

ఒకే గదిలో ఇద్దరు మనుషులు, మూడు పేజీలు మించని సీను. గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం అదే. రాసినవాళ్ళు ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా వాటితోనే పని. ఇంకా రాయనివాళ్ళు ముందు అది రాసి రండి. వేరేవాళ్ళ సీను మీద నేర్చుకున్నది అంతగా ఒంటబట్టదు.

ఇంతవరకు మనం చేసినవన్నీ ఒక్కరే కూర్చుని చేసుకోగలిగిన పనులు. సౌండు తీసేసి ఒక సీను చూసి, కనబడింది కనబడినట్టు రాయడం, దొరికిన స్క్రిప్టు చదివి కథ ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తు పెట్టుకోవడం, యాక్షన్ వాక్యాల్లోంచి (అంటే డైలాగు కాక, తెర మీద కనబడేదీ వినబడేదీ చెప్పే వాక్యాల్లోంచి) ‘ఆలోచిస్తాడు’, ‘గుర్తు చేసుకుంటుంది’ లాంటి కెమెరాకి అందని మాటలు ఏరివేయడం. నేనూ ఈ దారిలోనే నేర్చుకున్నాను. ఫిల్మ్ స్కూల్లో చదవలేదు, ఏ రచయిత దగ్గరా అసిస్టెంటుగా చేయలేదు. ఇలా నేర్చుకుంటే చాలా దూరం రావచ్చని నా నమ్మకం. కానీ ఒక చోట తప్పకుండా ఆగిపోతాం. మనం రాసిన డైలాగు మన తలలో ఎప్పుడూ బాగానే వినిపిస్తుంది. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వేయాలో మనకు ముందే తెలుసు కాబట్టి కాగితం మీద లేనిదాన్ని కూడా మన చెవి పూరించేసుకుంటుంది. గట్టిగా చదువుకున్నా అంతే, చదివేది మనమే కదా. ఇంకొకరు చదివితే తప్ప కాగితం మీద నిజంగా ఏముందో తెలియదు.

సినిమావాళ్ళు టేబుల్ రీడ్ అనేది దీన్నే. షూటింగుకి ముందు నటీనటులంతా ఒక టేబుల్ చుట్టూ కూర్చుని స్క్రిప్టు మొత్తం చదువుతారు. దానికి నటులే అక్కర్లేదు. చదవడం వచ్చిన నలుగురు చాలు.

ఈ పాఠం కోసం రాసిన ఒక సీను చూడండి. మొదటి డ్రాఫ్టు ఇది.

సీన్ 12. ఇంటీరియర్ – సరళ ఇల్లు, ముందుగది – పగలు

సరళ (50) కుర్చీలో కూర్చుని ఉంది. తమ్ముడు రవి (44) ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో కాగితాలు.

రవి: అక్కా, నాన్న పోయి రెండేళ్ళయింది. ఇంకా ఈ ఇల్లు అమ్మకపోతే ఎలా? నాకు అప్పులున్నాయని నీకు తెలుసు కదా.

సరళ: ఈ ఇల్లంటే నాకు ప్రాణంరా. మన చిన్నతనమంతా ఇక్కడే గడిచింది. నేను సంతకం పెట్టలేను.

రవి: నువ్వెప్పుడూ ఇంతే. నీ గురించే ఆలోచిస్తావు.

సరళ: నా గురించా? నాన్నని ఆఖరిదాకా చూసుకున్నది ఎవరు?

కళ్ళతో చదువుకుంటే ఇందులో పెద్ద దోషం కనబడదు. విషయం అర్థమవుతోంది, గొడవ ఉంది. ఇప్పుడు ఇద్దరి చేత చదివించండి. రవి మాటలు చదివేవాళ్ళు ‘నీకు తెలుసు కదా’ దగ్గర కాస్త తడబడతారు. తెలిసిన విషయాన్ని తెలిసిన మనిషికి ఎవరూ అలా వివరంగా చెప్పరు కాబట్టి ఆ మాట నోరు తిరగదు. అది అక్కకి చెబుతున్నది కాదు, ప్రేక్షకుడికి చెబుతున్నది. రెండోది, ఇద్దరి గొంతులూ ఒకే పొడవున, ఒకే వేగంతో సాగుతాయి. పేర్లు మూసేసి చదివితే ఎవరి మాట ఏదో చెప్పడం కష్టం. ఇక చివరి ప్రశ్న దగ్గర మాత్రం, ఎవరూ చెప్పకుండానే చదివేవాళ్ళ గొంతు పెరుగుతుంది. సీనులో ప్రాణం ఉన్న చోటు అదే, కాబట్టి తిరగరాయడం అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. సరళకి సంతకం పెట్టడం ఇష్టం లేదు, ఆ మాట తమ్ముడి మొహం మీద చెప్పడమూ ఇష్టం లేదు. మరి ఏం చేస్తుంది?

రెండో డ్రాఫ్టు:

సరళ కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. రవి కాగితాలు ఆమె ముందు పెట్టి, చివరి పేజీ తీసి, పెన్ను దాని మీద పెడతాడు.

రవి: ఇక్కడొక్కటే.

సరళ కాగితాలు వెనక్కి తిప్పి మొదటి పేజీకి వస్తుంది.

సరళ: అప్పులాయన మళ్ళీ ఫోన్ చేశాడా?

రవి: రోజూ.

సరళ లేస్తుంది.

సరళ: కళ్ళజోడు లోపలుంది. ఉండు, తెస్తా.

మెడలో కళ్ళజోడు ఊగుతుండగా లోపలికి వెళ్తుంది. రవి అది చూస్తాడు. ఏమీ అనడు. పెన్నుకి మూత పెడతాడు.

లోపల బీరువా తలుపు తీసిన చప్పుడు. వేసిన చప్పుడు. మళ్ళీ తీసిన చప్పుడు.

రవి: దొరికిందా అక్కా?

జవాబు లేదు.

నాన్న ప్రస్తావన పోయింది, చిన్నతనం పోయింది. అప్పు సంగతి మాత్రం ఆమె నోటి నుంచి ప్రశ్నగా వచ్చింది. ఆ ప్రశ్నలో తమ్ముడి మీద జాలి కూడా ఉంది, మొదటి డ్రాఫ్టులో అది లేనేలేదు. ఇలాంటి సీను చదివించేటప్పుడు ఒక జాగ్రత్త. డైలాగులు చదివేవాళ్ళతో పాటు యాక్షన్ వాక్యాలు చదవడానికి వేరుగా ఒక మనిషిని పెట్టండి. ఆ పనికి మంచి గొంతున్నవాళ్ళనే ఎంచుకోండి. కళ్ళజోడు మెడలో ఉందన్న మాట హడావిడిగా చదివేస్తే ఈ సీను మొత్తం కూలిపోతుంది.

సమయం కూడా ఇక్కడే కొలుచుకోవాలి. ఒక పేజీకి తెర మీద ఒక నిమిషం అన్న లెక్క మీరు వినే ఉంటారు. ఆ లెక్క ఇంగ్లిష్ స్క్రిప్టుల్లో 12 పాయింట్ల కొరియర్ అక్షరం మీద నిలబడింది. కొరియర్ 1950లలో ఐబీఎం టైపురైటర్ల కోసం తయారైన ఫాంటు. అందులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, అంగుళానికి పది అక్షరాలు. అందుకే ఎవరు టైపు చేసినా పేజీ ఇంచుమించు ఒకలాగే నిండుతుంది. తెలుగు అక్షరాల వెడల్పు ఒకటి కాదు, ఒత్తులూ గుడులూ వరుసల మధ్య దూరాన్ని మార్చేస్తాయి, ఫాంటు మారితే పేజీల సంఖ్యా మారుతుంది. కాబట్టి మనకు పేజీ లెక్క కంటే స్టాప్‌వాచ్ నమ్మకమైనది. పై రెండు డ్రాఫ్టులూ చదివించి చూడండి. రెండోదాంట్లో మాటలు తక్కువే, కానీ బీరువా చప్పుళ్ళకీ రవి మౌనానికీ ఇవ్వాల్సిన సమయం ఇస్తే అదే ఎక్కువసేపు నడుస్తుంది.

చదువుతున్నంతసేపూ రచయితగా మీ పని వినడం, పెన్సిల్‌తో గుర్తులు పెట్టడం. నేను మార్జిన్లో మూడు అక్షరాలే వాడతాను. చదివేవాళ్ళు తడబడితే ‘త’. వినేవాళ్ళు నవ్వితే ‘న’, నేను అనుకోని చోట నవ్వినా సరే. ఎవరైనా కదిలి కూర్చున్నా, ఫోన్ వైపు చూసినా, ధ్యాస జారిందని ‘జ’. అప్పటికప్పుడు వాక్యం దిద్దడం మొదలుపెడితే తర్వాతి అర పేజీ మీకు వినబడదు. చదవడానికి ముందు ‘ఇది ఇంకా పూర్తి కాలేదు’, ‘ఇందులో అసలు సంగతేంటంటే’ అంటూ ముందుమాట చెప్పకండి. సినిమా హాల్లో మీరు ప్రేక్షకుడి పక్కన కూర్చుని వివరించలేరు కదా.

ఇక అసలు కష్టం, ఆ నలుగురు ఎక్కడ దొరుకుతారని. ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో ఒకటి రెండు సార్లు చదివించవచ్చు కానీ వాళ్ళు సీనును చూడరు, మిమ్మల్ని చూస్తారు. మీకు కావాల్సింది తామూ ఏదో ఒకటి తయారు చేస్తున్నవాళ్ళు. లఘుచిత్రాలు తీసేవాళ్ళు, నాటకాలు వేసేవాళ్ళు, ఎడిటింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు, కథలు రాసేవాళ్ళు. వాళ్ళ దగ్గరికి ‘నా స్క్రిప్టు చదవండి’ అని వెళ్ళేకంటే, ముందు వాళ్ళది అడిగి చదవండి. శ్రద్ధగా చదివి, ఏ పేజీలో ఏమనిపించిందో రాసి పంపండి. అంత శ్రద్ధ అందుకున్న మనిషి మీది చదవకుండా ఉండటం అరుదు. లఘుచిత్రాల ప్రదర్శన అయ్యాక ఎడిటర్‌నో సౌండు చేసినవాళ్ళనో పలకరించండి. దర్శకుడి చుట్టూ ఎలాగూ జనం ఉంటారు, వీళ్ళతో నింపాదిగా మాట్లాడొచ్చు.

మా బృందంలో కూడా అందరూ రచయితలు కారు. ఒక ఎడిటర్ ఉన్నారు. ఏ సీను చదివినా ఆవిడ అడిగేది ఒకటే: ‘చివరి రెండు మాటలు తీసేస్తే ఏం పోతుంది?’ ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూనే సీను ఎక్కడ ముగించాలో నాకు తెలిసింది. ఏ పుస్తకమూ ఆ సంగతి నాకంత సూటిగా చెప్పలేదు. నటించేవాళ్ళు ఇంకో రకంగా ఉపయోగపడతారు. ‘ఈ మాట అంటున్నప్పుడు నా చేతులు ఏం చేస్తుంటాయి?’ అని అడుగుతారు. జవాబు లేకపోతే ఆ పాత్ర ఊరికే నిలబడి ఉపన్యాసం ఇస్తోందన్నమాట.

బృందానికి నలుగురి నుంచి ఆరుగురు సరిపోతారు. అంతకు మించితే ఒకరి వంతు వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి. రోజు, సమయం మార్చకండి. ఒక్కొక్కరికి పది పన్నెండు పేజీలకి మించి ఇవ్వకండి. దూరంగా ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో చదువుకోవచ్చు, బాగానే ఉంటుంది. కాకపోతే లైనులో మాట కాస్త ఆలస్యంగా అందుతుంది కనక, ఒకరి మాట మీద ఇంకొకరు పడే సీన్లు, మౌనాలు దాంట్లో సరిగ్గా తేలవు. వాటిని ఎదురెదురుగా కూర్చున్నప్పటికి దాచుకోండి.

చదవడం అయ్యాక మాట్లాడుకోవడం దగ్గరే చాలా బృందాలు విరిగిపోతాయి. అమెరికాలో 1936లో మొదలైన రచనా శిక్షణ కార్యక్రమం అయోవా రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో, మిగతావాళ్ళు చర్చించుకుంటుంటే రచయిత నోరు మెదపకుండా వినాలి. క్రమశిక్షణ మంచిదే కానీ కొత్తవాళ్ళని అది నలిపేస్తుందని నా అభిప్రాయం. నాకు నచ్చింది నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతి. అందులో మెట్లు నాలుగు. మొదట వినేవాళ్ళు తమకేది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత రచయిత తన సందేహాలు అడుగుతారు. ఆ తర్వాత వినేవాళ్ళు ప్రశ్నలు వేస్తారు, కానీ ఆ ప్రశ్నల్లో తీర్పు దాగి ఉండకూడదు. చివరగా, ‘ఫలానా దాని గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?’ అని అనుమతి అడిగి మరీ అభిప్రాయం చెబుతారు. వద్దనే హక్కు రచయితకి ఉంటుంది.

మూడో మెట్టుకి అలవాటు పడటానికి సమయం పడుతుంది. ‘సరళ ఎందుకంత మొండిగా ఉంది?’ అనేది తీర్పు. ‘సంతకం గురించి సరళ మనసులో ఏముంది?’ అనేది ప్రశ్న. మొదటిదానికి రచయిత సరళని వెనకేసుకొస్తారు. రెండోదానికి జవాబు చెబుతూ చెబుతూ, తను అనుకున్నదేదో కాగితం మీదికి రాలేదని తనే గమనిస్తారు.

సలహాలు కూడా వస్తాయి. పై సీనుకి ఒకరు ఫ్లాష్‌బ్యాక్ పెట్టమంటారు, ఒకరు రవి అరవాలంటారు, ఇంకొకరు చివర సరళ బయటికి రావాలంటారు. ముగ్గురూ మూడు మందులు చెప్పారు, కానీ వేలు పెట్టింది ఒకే చోట, సీను ముగింపు మీద. ఆ చోటును నమ్మండి, మందు మీరు వెతుక్కోండి. చాలాసార్లు జబ్బు అక్కడ కూడా ఉండదు, పైన ఉంటుంది. ఇక్కడైతే, అక్క అబద్ధం చెప్పిందని రవికి అర్థమైందన్న సంగతి వినేవాళ్ళకి అందలేదేమో. అలాంటప్పుడు ముగింపును ముట్టుకోకుండా, ‘రవి అది చూస్తాడు’ అన్న వాక్యాన్ని విడిగా ఒక వరుసలో పెడితే చాలు.

నలుగురికి చదివిస్తే కథ ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయం కొత్తవాళ్ళందరికీ ఉంటుంది. కాపీరైటు చట్టం ఆలోచనను కాపాడదు, రాసిన రూపాన్ని కాపాడుతుంది. కాపీరైటు మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని పాటించే దేశాల్లో రాసిన క్షణం నుంచే ఆ హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా వివాదం వస్తే ఏ తేదీకి మీ దగ్గర ఏముందో చూపడానికి రిజిస్ట్రేషన్ అక్కరకొస్తుంది. ప్రతి డ్రాఫ్టునూ తేదీతో భద్రపరచండి, బృందానికి పంపేటప్పుడు ఈమెయిల్‌లో పంపండి. ఆ పాటి జాగ్రత్త తీసుకుని చదివించండి. పెట్టెలో దాచుకున్న స్క్రిప్టు భద్రంగానే ఉంటుంది కానీ బాగుపడదు.

ఈసారి అభ్యాసం. మీ మూడు పేజీల సీనును మీరు కాక వేరే ముగ్గురి చేత చదివించండి, ఇద్దరు డైలాగులకి, ఒకరు యాక్షన్‌కి. ఇంకా బృందం లేకపోతే ఆ ముగ్గుర్నీ వెతకడమే ఈ పాఠం పని, ముందు వాళ్ళ రాత ఒకటి అడిగి చదవండి. స్టాప్‌వాచ్ పెట్టి, వచ్చిన సమయాన్ని మొదటి పేజీ పైన రాసుకోండి. త, న, జ గుర్తులు పెట్టిన కాగితాలను దిద్దకుండా అలాగే ఉంచండి. వచ్చే పాఠంలో ‘జ’ గుర్తులున్న చోట్లను ముందు తీసుకుని, ఆ సీనును సగానికి కుదించడం చూద్దాం.