చెరువులోకి దించిన కెమెరాలో ఏమీ కనబడట్లేదా?

గాలం వేసే మా దోస్తుల్లో ఈ మధ్య నలుగురైదుగురు నీళ్లలోకి దించే కెమెరాలు కొన్నారు. ఇరవై ముప్పై మీటర్ల వైరు, దాని చివర బొటనవేలంత కెమెరా, పైన ఏడంగుళాల స్క్రీన్. కొన్న వారానికే నాకు ఫోన్ వస్తుంది, "అన్నా, ఇది ఖరాబైంది" అని. తీరా వెళ్లి చూస్తే చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది. నా కెమెరా కొత్తలో మా ఊరి చెరువు కట్ట మీద వల ఆరేసుకుంటున్న కాక ఒకాయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "తమ్మీ, నీ టీవీ ఖరాబు కాలే. నీళ్లే ఖరాబున్నయి."

అందుకే స్క్రూడ్రైవర్ తీసే ముందు పళ్లెం పరీక్ష చేయండి. జానెడు వెడల్పున్న తెల్ల ప్లాస్టిక్ పళ్లేనికి కింద రాయి కట్టి, తాడుతో నీడ ఉన్న వైపు మెల్లగా దించండి. కనబడకుండా పోయిన చోట తాడుకు ముడి వేయండి. పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన చోట ఇంకో ముడి. పళ్లెం నుంచి ఆ రెండు ముళ్లకున్న దూరాల సగటే లెక్క. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త సముద్రంలో చేసింది ఇదే పని, ఇప్పటికీ నీటి తేటదనాన్ని ఇలాగే కొలుస్తారు. మూరెడు లోతులోపే పళ్లెం మాయమైందంటే ఆ రోజు కెమెరాను సంచిలోంచి తీయకండి. మీటరు దాటితే పని జరుగుతుంది.

స్క్రీన్ మొత్తం చాయ్ రంగులో ఉంది

వానల తర్వాత మన చెరువులన్నీ ఇంతే. వాగు మోసుకొచ్చిన సన్న బంకమట్టి రేణువులు వారాల తరబడి తేలుతూనే ఉంటాయి. లైటు పెంచితే లాభం లేదు, ఇంకా తెల్లబోతుంది. దసరా దాటి, కొత్తనీరు ఆగి, మత్తడి దూకడం ఆపాక చూడండి. చలికాలంలో నీళ్లు తేటపడతాయి. అప్పుడు కూడా వాగు కలిసే వైపు కాకుండా కట్ట వైపు, తూముకు దగ్గర్లో, గాలి లేవకముందే పొద్దున్నే దించాలి. ముఖ్యంగా బర్రెలు దిగకముందే. ఒక్క మంద దిగితే ఆ ఒడ్డున ఆ పూటకు కెమెరా కథ ముగిసినట్టే.

పచ్చగా, మబ్బుగా ఉంది

ఇది మట్టి కాదు, నాచు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి వేడెక్కితే సన్న నాచు పైపొరలో పెరుగుతుంది. రెండు మూరలు కిందికి దించితే కొన్నిసార్లు ఒక్కసారిగా తేటగా కనిపిస్తుంది. అయితే అక్కడ చేప లేకపోతే ఆశ్చర్యపోకండి, ఎండాకాలంలో అడుగున ఆక్సిజన్ తక్కువ. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆ చెరువులో ఊపిరాడట్లేదని అర్థం.

లైటు వేస్తే మంచు కురుస్తున్నట్టు తెల్ల చుక్కలు

డిసెంబరులో ములుగు దాటి ఏటూరునాగారం వైపు పొద్దున్నే బండి మీద వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మంచులో హైబీమ్ వేస్తే రోడ్డు కనబడదు, తెల్లగోడ కనబడుతుంది. కెమెరా చుట్టూ ఉన్న ఎల్ఈడీల వెలుగు నీళ్లలోని రేణువులకు తగిలి నేరుగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. పగలైతే లైటు ఆర్పేయండి, అంతే. చీకటి పడితే నీళ్లలో వాడే చిన్న టార్చిని కెమెరాకు మూరెడు దూరంలో పక్కకు కట్టండి. ఇన్‌ఫ్రారెడ్ లైటు అని డబ్బా మీద రాసి ఉంటే మరీ మురిసిపోవద్దు, నీళ్లు దాన్ని చాలా త్వరగా మింగేస్తాయి.

ఇంకోటి. అయిదారు మీటర్ల లోతులో ఎర్ర ఎర నల్లగా కనిపిస్తే అది కెమెరా రంగుల లోపం కాదు. తేటనీటిలో ముందు మాయమయ్యేది ఎరుపే.

లోపల ఆవిరి పట్టింది

ముందు బట్టతో అద్దం తుడవండి. పోతే బయటిది, పోకపోతే లోపలిది. లోపలిదైతే రెండు కారణాలు. ఒకటి, కెమెరాను పెట్టే కేసు మూతను తేమ గాలిలో బిగించడం. వానాకాలం సాయంత్రం కట్ట మీద కూర్చొని బిగిస్తే ఆ తేమంతా లోపలే చిక్కుకుంటుంది, చల్లటి నీళ్లు తగలగానే అద్దానికి పట్టేస్తుంది. ఇంట్లో ఏసీ గదిలో తెరిచి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టి మూయండి. రెండోది లీకు, ఇది ప్రమాదం. మూత దగ్గరి రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక అడ్డం పడినా నీళ్లు లోపలికొస్తాయి. రింగును గోరుతో పీకకండి, వేళ్లతో పక్కలకు నొక్కితే అదే పైకొస్తుంది. గాడిలో ఇసుక రేణువులు లేకుండా తుడిచి, సిలికాన్ గ్రీజు మెరుపు కనబడేంత మాత్రమే రాయండి. వాజిలీన్ మాత్రం వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. ఆ తర్వాత కేసు ఖాళీగా, లోపల టిష్యూ కాగితం పెట్టి, బకెట్లో గంటసేపు బరువు కింద ముంచండి. కాగితం పొడిగా ఉంటేనే చెరువుకు. తెరవడానికి వీల్లేకుండా పోతపోసిన కెమెరాలో ఆవిరి పడితే మీరు చేయగలిగింది లేదు, వారంటీ ఉంటే వెనక్కి పంపండి.

నాది లీకైంది నా తొందర వల్లే. నీట మునిగిన తుమ్మ మొద్దుకు వైరు చుట్టుకుంటే, వదిలించే ఓపిక లేక లాగాను. వైరు కెమెరాలోకి దిగే చోట వెంట్రుకంత చీలిక వచ్చింది. రిపేరు షాపులో ఇచ్చిన రెండు నెలలకు, పోయింది పోయినట్టే తిరిగొచ్చింది. అప్పటి నుంచి వైరు పక్కనే సన్న నైలాన్ తాడు కట్టి, బరువంతా తాడు మీదే పడేలా చూస్తున్నాను. లాగితే తాడునే లాగుతాను.

బొమ్మ గిరగిరా తిరుగుతోంది

వైరును మోచేతికి గుండ్రంగా చుట్టే అలవాటుంటే మెలికలు అందులోనే పడతాయి. ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి. కెమెరా కింద పావుకిలో సీసం వేలాడదీస్తే ఇంకా నిలకడగా ఉంటుంది.

బొమ్మ ఆగిపోతోంది, గీతలు పడుతున్నాయి

వైరు లేకుండా వైఫైతో ఫోన్‌కు బొమ్మ పంపే కెమెరాలు మునిగిన కొన్ని అంగుళాలకే మూగబోతాయి. ఆ తరంగాలు నీళ్లలో సాగవు. వైరున్నవాటిలో గీతలు పడితే కనెక్టర్‌లో తడి చూడండి. 12 వోల్టుల లెడ్ బ్యాటరీ అయితే మీటరు పెట్టండి: నిండుగా ఉంటే 12.6 పైన చూపాలి, 12 దగ్గరుంటే అయిపోయినట్టే. మే నెల ఎండలో స్క్రీన్ నల్లబడితే దాన్ని తువ్వాలు కింద పెట్టి చల్లారనివ్వండి.

అంతా తేటగా ఉంది, చేప మాత్రం లేదు

అసలు ఫిర్యాదు ఇదే. దించీ దించగానే చేప రావాలని చూస్తారు. సీసం అడుగుకు తాకగానే ఒండ్రు పొగలా లేస్తుంది, చేపలు చెదురుతాయి. అడుగుకు మూరెడు పైన ఆపి, పది నిమిషాలు ముట్టుకోకండి. కెమెరాను ఎర మీద నుంచి కాకుండా పక్క నుంచి చూసేలా పెట్టండి. బంగారుతీగ, మోసు లాంటివి అడుగును కెలుకుతూ తింటాయి కాబట్టి స్క్రీన్‌లో చేప కంటే ముందు దుమ్ము కనిపిస్తుంది. ఆ దుమ్మే మంచి గుర్తు. కొర్రమట్ట కోసమైతే లోతు నీళ్లలో వెతకొద్దు, అది గాలి పీల్చడానికి పైకి రావాలి, తుంగ అంచుల్లోనే పొంచి ఉంటుంది. లెన్స్‌కు జానెడు దూరంలోకి వచ్చిన చిన్న పరక చేప కూడా మొసలంత కనిపిస్తుంది, కాబట్టి సైజు చెప్పే ముందు పక్కనున్న గాలం ముల్లుతో పోల్చుకోండి.

చేప కోసం కాదు, అడుగు కోసం కెమెరా దించమంటాను నేను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చోట్ల మిగిలిన గుంతలు మా చెరువులో ఇంకా ఉన్నాయి. నీళ్లు తగ్గాక చేప వాటి అంచులకే చేరుతుంది. తెప్ప మీద నుంచి మెల్లగా పోతూ ఆ అంచు చూసి, ఒడ్డున చెట్టును గుర్తు పెట్టుకుంటే చాలు. అయితే ముందే మత్స్య సహకార సంఘం వాళ్లకు చెప్పండి, చెరువులో చేపలు పట్టే హక్కు వాళ్లది. వైరూ స్క్రీన్ చూసి నన్ను సర్వే వాడనుకుని పావుగంట నిలదీశారు. పాఖాల చెరువు చుట్టూ అభయారణ్యం, అక్కడ అనుమతి లేకుండా గాలం తీయొద్దు.

పోయిన చలికాలంలో ఒక పొద్దంతా బెండు కదల్లేదు. రవ్వ చేపలు అటూ ఇటూ పోవడం స్క్రీన్‌లో కనిపిస్తోంది, ఎర మాత్రం కనబడదు. కెమెరా ఇంకో జానెడు దించి చూస్తే ముల్లు మెత్తటి ఒండ్రులో దిగబడి ఉంది, పైన దారం ఒక్కటే నిలబడి ఉంది. బెండును దారం మీద మూరెడు కిందికి జరిపాను. కాక బీడీ ముట్టించుకుని పక్కన కూర్చున్నాడు. "గిది తెల్వడానికి టీవీ కావాల్నా తమ్మీ" అన్నాడు. బెండు మునిగింది.