ముక్కు లోపలి అరుదైన కణితులు – 4వ పాఠం: ఏ వైద్యం ముందు?

పోయిన పాఠంలో కాడిష్ దశల (కణితి ఎంతవరకు పాకిందో ఎ నుంచి డి వరకు అక్షరాలతో చెప్పే పద్ధతి) గురించి చదివి చాలామంది టెన్షన్ పడ్డారు. గుంటూరు నుంచి ఒకావిడ రాశారు: "మా వారి రిపోర్టులో 'సి' అని ఉందండీ. చివరి దశ కదా, ఇంకా ఆపరేషన్ ఎందుకంటున్నారు?" కొత్త పాఠం కంటే ముందు ఇది తేలాలి.

'సి' చివరి దశ కాదు. 1976లో వచ్చిన ఈ పద్ధతిలో 'ఎ' అంటే కణితి ముక్కులోనే ఉంది, 'బి' అంటే సైనస్‌లలోకి వెళ్లింది, 'సి' అంటే వాటినీ దాటి కంటి గూటిలోకో, పుర్రె అడుగుకో చేరింది. మెడ గ్రంథులకో దూరపు అవయవాలకో పాకితే 'డి'. అది 1993లో కలిపిన అక్షరం. 'సి'కి కూడా నయం చేయాలనే ఉద్దేశంతోనే ఆపరేషన్, ఆపైన రేడియేషన్, కొందరికి కీమో ఇస్తారు. పదేళ్ల తర్వాత తిరగబెట్టిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి చెకప్‌లు మాత్రం ఏళ్ల తరబడి మానకూడదు.

ఇంకొకటి. ఈ అక్షరాలు వాసన నాడుల దగ్గర పుట్టే ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా కోసం పెట్టినవి. మెలనోమా (రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) రిపోర్టు పట్టుకుని ఇది ఎ నా, బి నా అని వెతక్కండి. గ్రేడ్ అన్నది మళ్లీ వేరు. అది కణాల తీరు చెబుతుంది, కణితి ఎంతవరకు పాకిందో చెప్పదు.

ఇక ఈ పాఠం. బయాప్సీలో వచ్చిన పేరే ముందు చూడాలి, దశ ఆ తర్వాత. ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమాకు సాధారణంగా ఆపరేషన్ ముందు. ఎస్‌నక్ (SNUC, ముక్కు, సైనస్‌లలో పుట్టే, ఏ కణం నుంచి వచ్చిందో పోల్చలేని క్యాన్సర్)కు చాలాచోట్ల కీమోతో మొదలుపెడతారు. కణితి బాగా తగ్గితే కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు, తగ్గకపోతే ఆపరేషన్ వైపు వెళతారు. పుర్రె అడుగు ఎముకలో పుట్టే కార్డోమాకు మామూలు కీమో పెద్దగా పనిచేయదు. తీయగలిగినంత తీసి, మిగిలినదానికి ఎక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తారు. పక్కనే మెదడు కాండం, కంటి నరాలు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల భాగాలకు తక్కువ తగిలేలా ఇచ్చే ప్రోటాన్ రేడియేషన్ మాట వస్తుంది. విజయవాడ వాళ్లకు అది దగ్గరలో అంటే చెన్నైలోనే.

నేనైతే ఎమ్మారై చూడకుండా దశ గురించి మాట్లాడను. సీటీలో కణితి ఎముకను ఎక్కడ తినేసిందో బాగా తెలుస్తుంది. కానీ సైనస్ నిండినట్టు కనిపించిందంతా కణితి కాదు. దారి మూసుకుపోయి నిలిచిన ద్రవం కావచ్చు. ఆ తేడా ఎమ్మారైలో తెలుస్తుంది.

అభ్యాసం: ఈ ముగ్గురికీ తర్వాత ఏం చేయాలో కారణంతో రాయండి. పదిహేనేళ్ల అబ్బాయి, ఒకవైపు ముక్కు మూసుకుపోయి పదేపదే రక్తం. కంటి గూటిలోకి పాకిన ఎస్‌నక్ ఉన్న యాభై ఏళ్ల ఆవిడ. సీటీ ఒక్కటే చూసి 'బి' అని రాయించుకొచ్చిన నలభై ఏళ్లాయన. అబ్బాయికి మీ జవాబు "ఓపీలోనే ముక్క తీసి బయాప్సీకి పంపాలి" అయితే కొట్టేసి మళ్లీ రాయండి. అది ఆంజియోఫైబ్రోమా (ఈ వయసు అబ్బాయిలకు వచ్చే, రక్తనాళాలు నిండిన కణితి) అయితే రక్తం ఆపడం కష్టం. ముందు స్కాన్, ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఆ రక్తనాళాలను మూసే ఎంబొలైజేషన్. మిగతా రెండూ మీరే చేయాలి. మూడోదానికి జవాబు ఏ వైద్యం పేరూ కాదు.