ఫోన్ మ్యూజిక్ యాప్ కంప్యూటర్‌లో సతాయిస్తుంటే

పదీ పదిహేను ట్రాకులు పేర్చాక ఫోన్ తెర చాలదు. ఒక నోట్ జరపబోతే పక్కది జరుగుతుంది. అప్పుడే బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) వేసి, అదే యాప్‌ని కంప్యూటర్‌లో తెరుస్తాం. తలనొప్పులూ అక్కడే మొదలు.

అసలు ఎమ్యులేటర్ అవసరమేనా, ముందు అది చూసుకోండి. పాటలు కట్టే యాప్ బ్యాండ్‌ల్యాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అలాంటిదే ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్‌కి విండోస్ వెర్షన్ ఉంది. ఐఫోన్‌లోని గరాజ్‌బ్యాండ్ మాత్రం విండోస్‌లో ఏ ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌తోనూ రాదు. అది ఆండ్రాయిడ్ యాపే కాదు కదా! విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే సదుపాయాన్ని కూడా మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ఆపేసింది. పాత వీడియోలు చూసి దాని వెంట పడకండి.

ఎమ్యులేటర్ తెరుచుకోదు, లేదా నత్తనడక నడుస్తుంది

ఎక్కువగా వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకోటి నడపనిచ్చే ప్రాసెసర్ సదుపాయం) ఆఫ్‌లో ఉండటమే కారణం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, అందులో సీపీయూ చూడండి. వర్చువలైజేషన్ పక్కన డిసేబుల్డ్ అని ఉంటే, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలోకి, వెళ్లాలి (ఏ కీ అన్నది కంపెనీని బట్టి మారుతుంది). ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ ఆన్ చేసి సేవ్ చేయండి.

కీ నొక్కాక కాసేపు ఆగి మోగుతోంది

అందరూ గోల పెట్టేది దీని గురించే. నేనూ రెండు రోజులు యాప్‌ని తిట్టుకున్నాను. తీరా చూస్తే సగం తప్పు నా చెవిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్లది. వైర్ ఉన్నవి పెట్టి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

మిగతా సగం బఫర్లది. ధ్వనిని కొంచెం పోగుచేసి పంపే తొట్టి అనుకోండి. ఫోన్‌లో ఆండ్రాయిడ్ తొట్టి ఒక్కటే. ఇక్కడ దాని తర్వాత ఎమ్యులేటర్‌ది, ఆపైన విండోస్‌ది. ధ్వనిని సెకనుకు 48,000 శాంపిళ్లుగా (చిన్న ముక్కలుగా) కోస్తే, అంటే 48,000 హెర్ట్జ్ దగ్గర, 256 శాంపిళ్ల బఫర్ 5 మిల్లీసెకన్ల పైచిలుకు తింటుంది, 2,048 అయితే దాదాపు 43. ఇవన్నీ కలిస్తే చేతికీ చెవికీ పొత్తు కుదరదు. యాప్‌లో బఫర్ తగ్గించే వీలుంటే తగ్గించండి. చిటపటలు మొదలైతే ఒక మెట్టు పెంచి, ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో సీపీయూ కోర్లు, ర్యామ్ ఎక్కువ ఇవ్వండి. ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సౌండ్ డ్రైవర్) వేయమని సలహాలు వస్తాయి కానీ, ఎమ్యులేటర్ ధ్వనిని విండోస్ మామూలు దారిలోనే పంపుతుంది కాబట్టి అది ఇక్కడ పనికిరాదు.

ఎంత సర్దినా కొంత ఆలస్యం మిగులుతుంది. నా మటుకు నేను ఎమ్యులేటర్‌లో లైవ్‌గా వాయించడం మానేశాను. వాయించేది ఫోన్‌లో, నోట్లు సర్దడం, మిక్సింగ్ కంప్యూటర్‌లో.

రికార్డ్ నొక్కగానే పాట ఫోన్ కాల్‌లా వినిపిస్తోంది

ఇదీ బ్లూటూత్ మహిమే. హెడ్‌సెట్ మైక్ ఆన్ కాగానే అది కాల్ మోడ్‌లోకి మారిపోతుంది. ల్యాప్‌టాప్ మైక్‌నో వైర్ మైక్‌నో ఎంచుకోండి. అసలు గొంతే రికార్డ్ కాకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్ అనుమతి, ఎమ్యులేటర్ లోపల యాప్‌కి అనుమతి, రెండూ ఉండాలి.

పాడిన దానికన్నా శ్రుతి ఎక్కువగా వస్తోంది

సెకనుకు 44,100 శాంపిళ్లతో రికార్డయినది 48,000 వేగంతో మోగితే ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది, పాట కూడా త్వరగా అయిపోతుంది. యాప్‌లోనూ, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్‌కీ మైక్‌కీ కూడా ఒకే అంకె పెట్టండి.

కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) వాయించలేకపోతున్నాను

మౌస్ ఉన్నది ఒక్క వేలే. ఎమ్యులేటర్‌లోని కీ మ్యాపింగ్‌తో కీబోర్డు అక్షరాలను తెరమీది కీల మీద పెట్టుకోవచ్చు. మూడు కలిపి నొక్కితే రెండే మోగుతున్నాయా? చాలా మామూలు కీబోర్డులు కొన్ని మూడు కీల జతలను పట్టుకోలేవు, వేరే అక్షరాలు పెట్టి చూడండి. మిడీ కీబోర్డు (కంప్యూటర్‌కో ఫోన్‌కో తగిలించే పియానో కీబోర్డు) ఉంటే ఎమ్యులేటర్‌తో కుస్తీ పట్టకండి. ఓటీజీ (యూఎస్‌బీ పరికరాలను ఫోన్‌కి కలిపే అడాప్టర్)తో ఫోన్‌కి తగిలించండి, లేదా క్రోమ్‌లో బ్యాండ్‌ల్యాబ్ తెరవండి.

ఇంకొకటి. ఎమ్యులేటర్ తీసేసి మళ్లీ వేద్దామనిపిస్తే, ముందు ప్రాజెక్టులను షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ట్రాకులను విడివిడిగా వేవ్ ఫైళ్లుగా కూడా తీసిపెట్టుకోండి. అసలు ప్రాజెక్టులన్నీ ఎమ్యులేటర్ డిస్క్‌లోనే ఉంటాయి, దాన్ని తీసేస్తే దాంతోపాటే పోతాయి.