ఎఫ్‌పీజీఏ పిన్నులకు వేరే వోల్టేజీ పరికరాలను కలిపే పద్ధతి

ఎఫ్‌పీజీఏను గానీ సీపీఎల్‌డీని గానీ (రెండూ లోపలి సర్క్యూట్‌ను మనమే నిర్ణయించుకోగల చిప్పులు) 5 వోల్టుల పాత పరికరానికో, 1.8 వోల్టుల సెన్సరుకో కలపవలసి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవాలి. పంపే చిప్పు ఇచ్చే వోల్టేజీని అందుకునే చిప్పు 1గానో 0గానో తప్పకుండా గుర్తిస్తుందా అన్నది మొదటిది. ఆ వోల్టేజీని అందుకునే పిన్ను తట్టుకుంటుందా అన్నది రెండవది. సంకేతం నడిచే దిశను బట్టి జవాబు మారుతుంది కనుక, ముందుగా ప్రతి సంకేతం పక్కన దాని దిశను రాసుకోవాలి.

మొదటి ప్రశ్నకు జవాబు డేటాషీట్లలోనే దొరుకుతుంది. పంపే చిప్పు 1కి హామీ ఇచ్చే కనీస వోల్టేజీ, అందుకునే చిప్పు 1గా గుర్తించడానికి కోరే కనీస వోల్టేజీ కన్నా ఎక్కువగా ఉండాలి. 0 విషయంలో ఇదే పోలికను గరిష్ఠ విలువలతో తిరగేసి చూసుకోవాలి. టీటీఎల్ (5 వోల్టుల పాత లాజిక్ చిప్పుల రకం) ఇన్‌పుట్‌కు 2.0 వోల్టులు చాలు కాబట్టి 3.3 వోల్టుల పిన్ను దాన్ని నేరుగా నడపగలదు. కానీ 5 వోల్టులతో నడిచే 74హెచ్‌సీ రకం లాజిక్ చిప్పు ఇన్‌పుట్ సరఫరాలో సుమారు 70 శాతం, అంటే 3.5 వోల్టులు కోరుతుంది. దాని స్థితి నిజంగా మారేది సరఫరాలో సగం దగ్గర కనుక, పరీక్షించేటప్పుడు 3.3 వోల్టులతో కూడా అది చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఈ మోసంలో పడకూడదు. 5 వోల్టులతో నడిచే ఒక 74హెచ్‌సీటీ బఫరును (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే చిప్పును) మధ్యలో పెడితే, దాని ఇన్‌పుట్‌కు 2.0 వోల్టులే చాలు కనుక, ఈ చిక్కు తీరుతుంది.

1.8, 2.5, 3.3 వోల్టుల పరికరాలకైతే చాలాసార్లు అదనపు భాగమేదీ అక్కరలేదు. ఎఫ్‌పీజీఏ పిన్నులు బ్యాంకులుగా విభజించి ఉంటాయి, ఒక్కో బ్యాంకుకు విడిగా సరఫరా ఇవ్వవచ్చు. కాబట్టి ఒకే వోల్టేజీ పరికరాలన్నిటినీ ఒకే బ్యాంకుకు చేర్చడం అన్నిటికన్నా చవకైన పరిష్కారం. కన్‌స్ట్రెయింట్ ఫైలులో (డిజైనులో ఏ పిన్ను ఎలా పనిచేయాలో చెప్పే ఫైలు) 1.8 వోల్టుల ప్రమాణమైన ఎల్‌వీసీమాస్18 అని రాసినంత మాత్రాన పిన్ను మీద 1.8 వోల్టులు రావు. బోర్డు మీద ఆ బ్యాంకుకు ఏ సరఫరా కలిపారో అదే వస్తుంది. బ్యాంకులన్నీ ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి: జైలింక్స్ 7 సిరీస్‌లో హెచ్‌ఆర్ బ్యాంకులు 3.3 వోల్టుల వరకు పనిచేస్తే, హెచ్‌పీ బ్యాంకులు 1.8 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి.

అసలు కష్టం 5 వోల్టుల నుంచి 3.3 వోల్టులకు వచ్చే దిశలో ఉంది. ఎక్స్‌సీ9500ఎక్స్‌ఎల్ వంటి సీపీఎల్‌డీల ఇన్‌పుట్‌లు 5 వోల్టులను తట్టుకుంటాయి గానీ, ఇప్పటి ఎఫ్‌పీజీఏలు చాలావరకు తట్టుకోవు. పిన్ను నుంచి బ్యాంకు సరఫరాకు క్లాంపు డయోడు (పిన్ను వోల్టేజీ సరఫరాను మించితే ఆ కరెంటును సరఫరాలోకి మళ్లించే డయోడు) ఉందని డేటాషీటు చెబితే, వరుసలో ఒక రెసిస్టరు పెట్టి కరెంటును అది అనుమతించిన మేరకు అదుపు చేయవచ్చు. డయోడు పిన్నును 4 వోల్టుల దగ్గర ఆపితే, 330 ఓముల రెసిస్టరు గుండా సుమారు 3 మిల్లీయాంపియర్లు పారతాయి. ఒక్క పిన్నుకు ఇది స్వల్పమే. నేను ఒకసారి 16 లైన్ల బస్సు (కలిసి డేటాను మోసే లైన్ల గుంపు) మొత్తానికి ఇదే చేశాను. అన్ని లైన్లూ 1లో ఉన్నప్పుడు దాదాపు 48 మిల్లీయాంపియర్లు 3.3 వోల్టుల సరఫరాలోకి వచ్చి పడ్డాయి. మామూలు రెగ్యులేటరు కరెంటును ఇవ్వగలదే తప్ప తిరిగి తీసుకోలేదు కనుక ఆ సరఫరాయే పైకి లేచింది. అప్పటి నుంచి ఈ ఉపాయాన్ని ఒకటి రెండు నెమ్మది సంకేతాలకు మించి వాడడం లేదు.

1 కిలోఓము, 2 కిలోఓముల రెసిస్టర్లతో చేసిన వోల్టేజీ విభాజకం 5 వోల్టులను 3.33 వోల్టులకు దించుతుంది. అయితే దాని 667 ఓముల తుల్య నిరోధం 10 పీకోఫారడ్ల పిన్నుతో కలిసి సుమారు 7 నానోసెకన్ల కాల స్థిరాంకాన్ని ఇస్తుంది కనుక వేగమైన క్లాకులకు అది పనికిరాదు. బస్సులకు నేను సూచించేది 3.3 వోల్టులతో నడిపే 74ఎల్‌వీసీ245 బఫరు: దాని పిన్నులు 5 వోల్టులను తట్టుకుంటాయి.

రెండు దిశల్లోనూ నడిచే లైన్లలో ఐ2సీ (రెండు తీగలతో చిప్పులను కలిపే పద్ధతి) సులభం. ప్రతి లైనుకు ఒక బీఎస్ఎస్138 మాస్‌ఫెట్ తీసుకొని, గేటును 3.3 వోల్టుల సరఫరాకు, సోర్సును ఎఫ్‌పీజీఏ వైపు, డ్రెయినును 5 వోల్టుల వైపు కలిపి, రెండు వైపులా పుల్-అప్ రెసిస్టర్లు (లైనును సరఫరా వైపు లాగి ఉంచేవి) పెడితే చాలు. దిశను తామే పసిగట్టే టీఎక్స్‌బీ0108 వంటి చిప్పుల అవుట్‌పుట్ బలహీనం కనుక, బలమైన పుల్-అప్‌లు ఉన్న లైన్ల మీద వాటిని వాడకూడదు. డేటా బస్సుకైతే రెండు సరఫరాలు, దిశ పిన్ను ఉన్న 74ఎల్‌వీసీ8టీ245 ట్రాన్స్‌లేటరు (వోల్టేజీ మార్చే చిప్పు) నమ్మదగినది.

ఎఫ్‌పీజీఏ కాన్ఫిగరేషన్ పూర్తయ్యేదాకా దాని పిన్నులు ఎవరినీ శాసించవన్నది చాలామంది మరచిపోయే విషయం. ఆ కొద్ది సమయంలో ట్రాన్స్‌లేటరు తనకు తోచిన దిశలో తెరుచుకుంటే రెండు చిప్పులు ఒకే లైనును ఎదురెదురుగా లాగుతాయి. అందుకే 74ఎల్‌వీసీ8టీ245లో, దిశ పిన్ను, ఎనేబుల్ పిన్ను రెండూ 'A' వైపు సరఫరాను అనుసరిస్తాయి కనుక, ఎఫ్‌పీజీఏను 'A' వైపు ఉంచి, 0తో పనిచేసే ఎనేబుల్ పిన్నును 10 కిలోఓములతో ఆ సరఫరాకే లాగి ఉంచాలి. రెండు సరఫరాల్లో ఏది లేకపోయినా ఆ చిప్పు తన పిన్నులన్నిటినీ వదిలేస్తుంది కాబట్టి, 5 వోల్టులు ముందుగా వచ్చినా క్లాంపు డయోడ్ల గుండా ఎఫ్‌పీజీఏలోకి కరెంటు దూరదు.