కుక్కపిల్ల కాళ్లు పక్కలకు పరుచుకుపోతుంటే ఏం చేయాలి?

కుక్కపిల్లలు సాధారణంగా రెండు, మూడు వారాల వయసులో తడబడుతూ లేచి నిలబడతాయి. ఆ వయసు దాటినా ఒక పిల్ల మాత్రం పొట్ట నేలకు ఆనించి, కాళ్లు పక్కలకు చాచి ఈదుతున్నట్టు పాకుతుంటే దాన్ని స్విమ్మర్ పప్పీ అంటారు. తోటి పిల్లల కంటే బొద్దుగా ఉండటం వల్ల చాలామంది బద్ధకం అనుకుని వదిలేస్తారు. ఎముకలు మెత్తగా ఉన్న ఈ వారాల్లోనే వైద్యం మొదలుపెడితే చాలా పిల్లలు మామూలుగా నడుస్తాయి.

ముందు వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. పుట్టుకతోనే కీలు తొలగి ఉన్నా, నరాల సమస్య ఉన్నా పైకి ఇలాగే కనిపించొచ్చు. వాటికి వైద్యం వేరు. మోకాళ్లు వెనక్కి వంగి ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

అదే రోజు పడక మార్చండి. టైల్స్ మీదా, పేపర్ల మీదా కాళ్లు జారుతూనే ఉంటాయి. రబ్బరు మ్యాట్ గానీ, జారకుండా బిగించిన గరుకు కార్పెట్ గానీ వేయండి. నన్నడిగితే సగం వైద్యం ఇదే. ఇది చేయకుండా కట్టు కట్టి లాభం లేదు.

ఇక కట్టు. మొదటిసారి డాక్టర్‌తోనే వేయించి, పక్కనుండి నేర్చుకోండి. పక్కలకు జారే రెండు కాళ్లకూ (ఎక్కువగా వెనక కాళ్లు) విడివిడిగా మెత్తటి బ్యాండేజీ చుట్టి, ఎనిమిది అంకె ఆకారంలో టేపుతో కలుపుతారు. నిలబడినప్పుడు కాళ్ల మధ్య సహజంగా ఉండేంత ఎడం ఉండాలి, దగ్గరికి లాగి బిగించకూడదు. రోజూ చూడండి. పాదం వాచినా, చల్లబడినా వెంటనే విప్పేయండి. పిల్ల త్వరగా పెరుగుతుంది, నిన్నటి కట్టు ఇవాళ బిగుతు కావచ్చు.

రోజులో నాలుగైదుసార్లు కొద్ది నిమిషాల పాటు కాళ్లను మెల్లగా ముడుస్తూ చాపండి. పొట్ట కింద చెయ్యి పెట్టి నిలబెట్టండి. అరిస్తే ఆపేయండి.

పడుకున్నప్పుడు పక్కకు తిప్పుతుండాలి, లేకపోతే ఛాతీ చదునై ఊపిరి కష్టమవుతుంది. ముక్కులోంచి పాలు వచ్చినా, ఆయాసపడినా టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొట్ట కింద మూత్రం తడి లేకుండా తుడవండి.

మనుషుల పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు ప్రమాదం. కాల్షియం సిరప్ కూడా సొంతంగా పట్టొద్దు. రెండు వారాలైనా మార్పు కనిపించకపోతే ఎక్స్‌రే గురించి డాక్టర్‌ను అడగండి.